గాత్రం, మృదంగం ఒకేసారి రికార్డు చేయాలి: 12 వేలలో ఏ ఆడియో ఇంటర్‌ఫేస్?

సందేహం

నమస్కారం అండి. ఇంట్లో కీర్తనలు రికార్డు చేయడానికి యూఎస్‌బీ ఇంటర్‌ఫేస్ (మైకును కంప్యూటర్‌కి కలిపే పెట్టె) కొనాలి. గాత్రం, మృదంగం ఒకేసారి, తంబూరా ఫోన్ యాప్‌లో. విండోస్ ల్యాప్‌టాప్ ఉంది. స్టేజీ మీద వాడే డైనమిక్ మైకు ఒకటి ఉంది, దాని వైరుకి లావు జాక్ పిన్ను. ఇంకో మైకు కండెన్సర్ తీసుకుంటాను, దానికి డబ్బు వేరే. ఇంటర్‌ఫేస్‌కీ వైర్లకీ కలిపి 12 వేలు. స్కార్లెట్ సోలోకి రెండు ఇన్‌పుట్‌లు కనిపిస్తున్నాయి, సరిపోతుందా? 192 కిలోహెర్ట్జ్ శాంపిల్ రేటు (సెకనుకి శబ్దాన్ని ఎన్నిసార్లు కొలుస్తుందో ఆ లెక్క) తప్పనిసరా?

జవాబు

సోలో వద్దండి. పెట్టె మంచిదే, మీ పనికి కుదరదు. ఆ రెండు ఇన్‌పుట్‌లలో మైకుకి పనికొచ్చేది ఒక్కటే. రెండోది గిటారుకో కీబోర్డుకో ఇచ్చిన ఇన్‌పుట్, దాని వెనక మైకు ప్రీయాంప్ (మైకు సన్నటి సిగ్నల్‌ని పెంచేది) ఉండదు. బెరింజర్ యూఎం2, యూఎంసీ22, ఎం-ఆడియో ఎం-ట్రాక్ సోలో... వీటన్నిటిదీ ఇదే కథ. కొనేముందు ఫొటో పెద్దది చేసి చూడండి. మూడు చిల్లుల ఎక్స్‌ఎల్‌ఆర్ సాకెట్లు ఎన్ని ఉంటే అన్ని మైకులు. మధ్యలో జాక్ కూడా దూరే కాంబో సాకెట్‌నీ లెక్కలో వేసుకోవచ్చు. పేరు పక్కన రాసే "2 ఇన్ 2 అవుట్" చూసి మాత్రం మోసపోకండి.

రెండు మైకులూ వేరువేరు ట్రాకుల్లో పడాలంటే యూఎంసీ202హెచ్‌డీ, ఎం-ట్రాక్ డుయో, ఆడియెంట్ ఈవో 4, స్కార్లెట్ 2ఐ2 లాంటివి చూడాలి. మీ బడ్జెట్‌కి నా ఓటు 202కే. ధర ఒక్కటే కారణం కాదు, డ్రైవరు కూడా. యూఎం2, యూఎంసీ22 లాంటివాటిని ఆసియో4ఆల్ అనే ఊరుమ్మడి డ్రైవరుతో నెట్టుకురావాలి. 202కి కంపెనీ ఇచ్చే ఆసియో డ్రైవరు (శబ్దం ఆలస్యాన్ని తగ్గించే సాఫ్ట్‌వేర్) ఉంది. విండోస్‌లో సగం తలనొప్పి అక్కడే పోతుంది.

192 అక్కర్లేదు. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ పెట్టి మరిచిపోండి. అలా అయితే ట్రాకుకి నిమిషానికి 8.6 ఎంబీ పడుతుంది. 192లో దానికి నాలుగు రెట్లు, చెవికి దక్కేదేమీ లేదు. 24 బిట్ మాత్రం ఉండాలి. లెవెల్ -12 డెసిబెల్ దగ్గర ఆపి నిశ్చింతగా పాడుకోవచ్చు, తర్వాత పెంచుకున్నా అడుగున బుసబుస లేవదు.

ఇంకొకరి జవాబు

పైమాటకి ఒకటి కలుపుతాను, వైరు సంగతి. ఆ జాక్ పిన్ను వైరును కాంబో సాకెట్ మధ్యలో దూర్చారంటే సిగ్నల్ లైన్ ఇన్‌పుట్‌లోకి పోతుంది. గెయిన్ (మైకు సిగ్నల్‌ని పెంచే మీట) చివరిదాకా తిప్పినా పీలగానే వస్తుంది. పెట్టె చెడిందనుకుని తిరిగి పంపకండి. కావాల్సింది ఒకవైపు ఎక్స్‌ఎల్‌ఆర్ ఫీమేల్, రెండోవైపు మేల్ ఉన్న వైరు, 3 మీటర్లు చాలు.

పాత వైరుకే కొత్త పిన్ను సోల్డర్ చేయిద్దాం అనుకుంటే ముందు దాన్ని కోసి చూడండి. లోపల ఒకటే తీగ, చుట్టూ జాలీ ఉంటే అది పనికిరాదు. రెండు తీగలు, జాలీ ఉండాలి: 1వ పిన్నుకి జాలీ, 2కి హాట్, 3కి కోల్డ్ (సిగ్నల్ మోసే రెండు తీగల పేర్లు). కొందరు మెకానిక్‌లు 1నీ 3నీ కలిపేసి ఇస్తారు. మామూలు యాంప్లిఫయరుకి ఫరవాలేదు గానీ మీకు కాదు. ఎందుకంటే 202లో కండెన్సర్ మైకుకి కరెంటు పంపే 48 వోల్టుల స్విచ్ రెండు చానెళ్లకీ ఉమ్మడి. కండెన్సర్ కోసం అది వేస్తే డైనమిక్ మైకు వైరులోకీ వస్తుంది. వైరు సరిగ్గా ఉంటే 2, 3 పిన్నుల మీద సమానంగా ఉండి మైకును ఏమీ చేయదు. 3ని జాలీకి కలిపి ఉంటే మాత్రం మైకు కాయిల్‌లోంచి కరెంటు పారుతుంది.

ముందు వైర్లన్నీ పెట్టాక, హెడ్‌ఫోన్ వాల్యూమ్ సున్నాకి దించి, అప్పుడు 48 వేయండి. తీసేటప్పుడు ముందు స్విచ్, అర నిమిషం ఆగి వైరు.

అడిగినవారు

చాలా థ్యాంక్స్ అండి. అయితే 202, రెండు ఎక్స్‌ఎల్‌ఆర్ వైర్లు. మరి ఏ మైకు దేనికి? తంబూరా ఎలా?

జవాబు

గాత్రానికి డైనమిక్, మృదంగానికి కండెన్సర్. స్టూడియోలో గాత్రానికి కండెన్సరే వాడతారు, నిజమే. కానీ అక్కడ పాడేవారు విడిగా గాజు గదిలో ఉంటారు. మీ హాల్లో పక్కనే మృదంగం మోగుతుంటే కండెన్సర్ అదీ పట్టేస్తుంది, వీధిలో కూరగాయల బండీ పట్టేస్తుంది.

డైనమిక్‌తో చిక్కు గెయిన్. ఉదాహరణకి ఒకే శబ్దానికి షూర్ ఎస్‌ఎం58 ఇచ్చేది 1.85 మిల్లీవోల్టులు, ఆడియో-టెక్నికా ఏటీ2020 ఇచ్చేది 14.1. ఏడున్నర రెట్లు తేడా. అందుకే డైనమిక్‌ని నోటికి బెత్తెడు దూరంలో పెట్టాలి. జానెడు దూరం జరిగితే గెయిన్ పూర్తిగా తిప్పాల్సి వస్తుంది, అప్పుడు బుసబుస మొదలు. బెత్తెడులో 'ప', 'భ'లు పేలతాయి కాబట్టి ఫోమ్ తొడుగు వేసి, మైకును నోటికి సూటిగా కాక కాస్త పక్కనుంచి పెట్టండి.

మృదంగానికి రెండు ముఖాల మధ్యగా, అడుగున్నర ముందు, కొంచెం ఎత్తునుంచి. తొప్పి (ఎడమ ముఖం) తక్కువగా వినిపిస్తే బాస్, ట్రెబుల్ సర్దే ఈక్యూ ముట్టుకోకండి, మైకునే నాలుగు వేళ్లు ఎడమ ముఖం వైపు జరపండి. గెయిన్ సర్వలఘు (మామూలు నడక) వాయిస్తుండగా పెడితే మోరాలో (గట్టిగా వాయించే ముగింపులో) ఎర్రలైటు వెలుగుతుంది. గట్టి మోరా ఒకటి రెండుసార్లు వాయించమని, అప్పుడు -6 దాటకుండా పెట్టండి.

కార్డియాయిడ్ (ముందువైపు శబ్దాన్నే ఎక్కువగా పట్టే) మైకుకి వీపువైపు చెవుడు. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుంటే ఒకరి మైకు వీపు రెండోవారి వైపు ఉంటుంది. మైకుకీ వాద్యానికీ ఎంత దూరమో, మైకుల మధ్య దానికి మూడు రెట్లు ఉండాలి. మృదంగం మైకు అడుగున్నర కాబట్టి, రెండు మైకుల మధ్య నాలుగున్నర అడుగులు.

తంబూరా ఫోన్ స్పీకర్లో వద్దే వద్దు. ఒకసారి మైకుల్లో పడ్డాక దాన్ని తీయలేం. యాప్ నుంచి ఆడియో ఫైలుగా తీసి రీపర్‌ (రికార్డింగ్ సాఫ్ట్‌వేర్)లో మూడో ట్రాకుగా పెట్టుకోండి, హెడ్‌ఫోన్ సాకెట్‌కి స్ప్లిటర్ వేసి ఇద్దరూ వినండి. మృదంగం శ్రుతి చేసేటప్పుడు కూడా ఆ ట్రాకే వినాలి, ఫోన్ కాదు. హెడ్‌ఫోన్ పిన్నుని పెట్టె సాకెట్‌కి సరిపెట్టే అడాప్టర్ స్టీరియోదే కొనండి, మోనోది పెడితే ఒక్క చెవిలోనే మోగుతుంది.

మరొకరి సందేహం

మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. ఇదే 202, ఇలాగే రెండు మైకులు. మూడు బాధలున్నాయి. పాడింది హెడ్‌ఫోన్లో కాస్త ఆలస్యంగా వినిపిస్తోంది. వెనక గుయ్ మంటోంది. ఐదున్నర శ్రుతిలో పాడిన కీర్తన ఇంకో ల్యాప్‌టాప్‌లో కిందికి దిగిపోయి, గొంతు బరువుగా వినిపించింది.

జవాబు

ఆలస్యం: పెట్టె మీద డైరెక్ట్ మానిటర్ బటన్ నొక్కండి, మైకు శబ్దం కంప్యూటర్‌లోకి వెళ్లిరాకుండా నేరుగా చెవికి వస్తుంది. రీపర్‌లో ట్రాకు మానిటరింగ్ ఆపేయండి, లేకపోతే ఒకే గొంతు రెండుసార్లు వినిపిస్తుంది. ఆడియో డివైస్ సెట్టింగుల్లో ఆసియో ఎంచుకుని బఫర్ (కంప్యూటర్ ఒక్కో విడతలో తీసుకునే శాంపిళ్ల సంఖ్య) 256 పెట్టండి. 48 కిలోహెర్ట్జ్‌లో అది 5.3 మిల్లీసెకన్లు, 1024 అయితే 21. మిక్సింగ్ అప్పుడు 1024 హాయి, పాడేటప్పుడు కాదు.

శ్రుతి దిగడం: 48లో రికార్డు చేసింది 44.1లో మోగుతోంది. లెక్క వేస్తే దాదాపు ఒకటిన్నర స్వరస్థానాలు కిందికి పడుతుంది, అంటే ఐదుకీ నాలుగున్నరకీ మధ్యకి. కాలప్రమాణం కూడా నెమ్మదిస్తుంది, గమనించే ఉంటారు. ఫైలు చెడలేదు. ఆ రెండో ల్యాప్‌టాప్‌లో ప్రాజెక్టు సెట్టింగులో 48000 పెట్టండి, డ్రైవరు ప్యానెల్‌లోనూ అదే ఉందో చూడండి.

ఇక గుయ్. ఏ రకమో ముందు తేల్చుకోవాలి. ల్యాప్‌టాప్ ఛార్జరు పీకి బ్యాటరీ మీద వినండి. ఆగిపోయిందా?

మరొకరు

ఆగిందండి! ఛార్జరు పెడితే మళ్లీ వస్తోంది. ఛార్జరుది మూడు పిన్నులే, కానీ ఎక్స్‌టెన్షన్ బోర్డు రెండు పిన్నులది.

జవాబు

దొరికిందిగా. ఎర్త్ లేక ల్యాప్‌టాప్ బాడీ మీద లీకేజీ తేలుతోంది, అది యూఎస్‌బీ వైరు గుండా ఇంటర్‌ఫేస్‌కి చేరుతోంది. మూడు పిన్నుల బోర్డు తీసుకుని ఎర్త్ ఉన్న సాకెట్‌లో పెట్టండి. సాకెట్ పైన మూడో చిల్లు ఉన్నంత మాత్రాన ఎర్త్ ఉన్నట్టు కాదు, పాత ఇళ్లలో అది ఉత్త చిల్లే. ఎలక్ట్రీషియన్‌తో చూపించుకోండి. ఎర్త్ పిన్ను విరిచేయమనే సలహా ఎవరిస్తే వాళ్లకి దండం పెట్టి వచ్చేయండి.

బ్యాటరీ మీద కూడా సన్నటి ఈల వినిపిస్తే అది యూఎస్‌బీ శబ్దం. హబ్ తీసేసి నేరుగా ల్యాప్‌టాప్‌లో పెట్టండి, రెండోవైపు పోర్టూ ప్రయత్నించండి. ఫ్యాను వేగం మారిస్తే గుర్ర్ మనే శబ్దం మారుతోందంటే రెగ్యులేటరు పని. రికార్డింగ్ అంతసేపూ ఫ్యాను ఆపాల్సిందే, ఎలాగూ మైకులో గాలి పడుతుంది.

అడిగినవారు

మాకు కరెంటు కోతలున్నాయి. ఇన్వర్టర్ మీద రికార్డు చేయొచ్చా?

జవాబు

ప్యూర్ సైన్ ఇన్వర్టర్ అయితే ఫరవాలేదు. స్క్వేర్ వేవ్ అయితే గరగర వస్తుంది. ఏదైనా సరే, ఛార్జరు పీకేసి బ్యాటరీ మీదే కానివ్వండి. 202 యూఎస్‌బీ పోర్టు నుంచే కరెంటు తీసుకుంటుంది, వేరే అడాప్టర్ అక్కర్లేదు. ల్యాప్‌టాప్ పవర్ సెట్టింగుల్లో యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్ (కరెంటు ఆదాకి యూఎస్‌బీ పరికరాన్ని నిద్రపుచ్చే సెట్టింగు) మాత్రం ఆపేయండి. లేకపోతే బ్యాటరీ మీద ఉన్నప్పుడు సరిగ్గా చరణం మధ్యలో ఇంటర్‌ఫేస్ మాయమవుతుంది.