కబేళాని కొండవైపుకి మార్చాలా వద్దా? యాప్‌లో గాలి పచ్చగానే ఉందట, మా ముక్కు ఒప్పుకోవట్లేదు

సరిహద్దు బాబు:
ఊరి పేరు రాయను, ఒడిశాలో మా గజపతి జిల్లా వాళ్ళకి ఎలాగూ అర్థమైపోతుంది. మా వీధి చివర మేకల కబేళా ఉంది. కార్తీకం దాటిందంటే తెల్లారగట్ల కిటికీ తియ్యలేం. నీసు వాసన, దాని మీద ఏదో కాలిన కంపు. కంప్లైంట్ ఇస్తే పదకొండున్నరకి ఒకాయన బండి మీద వచ్చాడు, ఎండలో రెండు నిమిషాలు నిలబడి ఫోన్‌లో ఎయిర్ క్వాలిటీ యాప్ తీసి "పచ్చరంగే ఉంది కదండీ, గాలి బాగున్నట్టే, ఇంకేం కావాలి" అనేసి వెళ్ళిపోయాడు. ఊరవతల కొండ మొదట్లో స్థలం ఖాళీగా ఉంది, అక్కడికి మార్చమని పిటిషన్ రాస్తున్నాం. ఎవరెవరు సంతకం పెడతారు?

ఆదివారం మటన్:
మళ్ళీ మొదలెట్టారా బాబూ. పొద్దున్న ఆరింటికి తాజా మాంసం కావాలి, బోటీ శుభ్రంగా కడిగివ్వాలి, కోసేది మాత్రం కనపడకూడదు, వాసన రాకూడదు. మా నాన్న హయాంలో దాని చుట్టూ చేలే. ఇళ్ళు కబేళా దగ్గరికొచ్చాయి గానీ కబేళా ఇళ్ళ దగ్గరికి రాలేదు. దూరం పంపితే ఏమవుతుందో నేను చెప్తా, కొట్టు వెనక కాలవ పక్కనే కోసేస్తారు, పశువుల డాక్టరు చూసేది ఉండదు, ఏ జబ్బు మేకో తినేవాడికి తెలీదు. లేదంటే జనం సరిహద్దు దాటి ఆంధ్రాలో పాతపట్నం పోయి కొనుక్కుంటారు, మా కొట్లు మూతే.

రిటైర్డ్ మేస్టారు:
ఇద్దరూ కాస్త ఆగండి. ముందు యాప్ సంగతి. అది చూపించేది ఏక్యూఐ, అంటే గాలి నాణ్యత సూచీ. మన దేశంలో ఆ లెక్కలోకి వచ్చేవి ఎనిమిదే: పీఎం10, పీఎం2.5 అనే సన్నటి ధూళి రకాలు, నైట్రోజన్ డయాక్సైడ్, సల్ఫర్ డయాక్సైడ్, కార్బన్ మోనాక్సైడ్, ఓజోన్, అమ్మోనియా, సీసం. నెత్తురూ పేగులూ కుళ్ళితే వచ్చే హైడ్రోజన్ సల్ఫైడ్ అందులో లేదు, మెర్కాప్టాన్లనే గంధకపు కంపు వాయువులూ లేవు. అవి గాలిలో వంద కోట్ల భాగాలకి ఏ కొద్ది భాగాలున్నా ముక్కు పట్టేస్తుంది. పైగా దగ్గర్లో గాలిని కొలిచే మిషన్ లేకపోతే చాలా యాప్‌లు లెక్క కట్టి ఏదో ఒక అంకె చూపిస్తాయి. ఆ పచ్చరంగు చూసి వాసన లేదనడం కుదరదు.

ఇక టైము. చలికాలం, మబ్బు లేని రాత్రి, నేల తన వేడినంతా వదిలేస్తుంది, దాన్ని ఆనుకున్న గాలి చల్లబడి బరువెక్కి కిందే ఉండిపోతుంది, పైన వెచ్చటి గాలి మూత పెట్టేస్తుంది. పెరట్లో పొయ్యి పొగ కొంచెం లేచి, సగం తాటిచెట్టు ఎత్తులో అడ్డంగా పరుచుకోవడం మీరు చూసే ఉంటారు, అది ఇదే. కోత జరిగేది మూడింటి నుంచి ఆరింటి దాకా, సరిగ్గా ఆ మూత బిగిసి ఉన్న వేళ. ఎండెక్కి నేల వేడెక్కితే మూత విడిపోతుంది, పదకొండున్నరకి వచ్చినాయనకి వాసన రాకపోవడంలో వింతేముంది?

సరిహద్దు బాబు:
అయితే మీరు నా పక్షమే కదా మేస్టారూ, సంతకం పెట్టెయ్యండి.

రిటైర్డ్ మేస్టారు:
పెట్టను. ఆ కొండ మొదలు నాకు తెలుసు, గెడ్డ, అదే వాగు, అక్కడి నుంచే ఊళ్ళోకి దిగుతుంది. రాత్రిపూట వాలు మీద చల్లబడిన గాలి కూడా నీళ్ళ దారే పట్టి పల్లానికి జారుతుంది. మీరు స్థలం చూడ్డానికి పగలు వెళ్ళుంటారు, అప్పుడు గాలి కొండ ఎక్కుతూ ఉంటుంది కాబట్టి బాగానే అనిపిస్తుంది. ఇప్పుడు ఒక వీధికి వచ్చే కంపు రేపు ఊరంతటికీ వస్తుంది. కడిగిన నీళ్ళూ ఆ గెడ్డలోకే, అక్కడి నుంచి మహేంద్రతనయ నదిలోకి, అది పోయి కలిసేది వంశధారలో. కింద ఆంధ్రా వాళ్ళకి కూడా జవాబు చెప్పుకోవాలి.

గోపాల్‌పూర్ గాలి:
బరంపురం నుంచి. మాకు కొండగాలి బాధ లేదు, పగలు సముద్రం గాలి, రాత్రి నేల మీది గాలి అటు పోతుంది. మా టెన్షన్ గద్దలతో. మా దగ్గర్లోని రంగైలుండలో విమానాలు దిగే రన్‌వే ఉంది, 1937 నాటి ఎయిర్‌క్రాఫ్ట్ రూల్స్‌లో 91వ రూలు ప్రకారం విమానాశ్రయానికి 10 కిలోమీటర్ల లోపు ప్రత్యేక అనుమతి లేకుండా జంతువుల్ని కొయ్యకూడదు, వ్యర్థాలు పడెయ్యకూడదు, పక్షులు చేరతాయని. ఎక్కడికి మార్చినా ఏదో ఒకటి అడ్డం వస్తుంది. సరే, మీ గొడవలోకి రాను. ఆ కాలిన కంపు ఏంటో మాత్రం ఎవరూ చెప్పలేదు.

ఆదివారం మటన్:
నేను చెప్తా, తిట్టుకోకండి. తలకాయలూ కాళ్ళూ బొచ్చు పోయేలా కాల్చాలి కదా, కొందరు పాత టైరు ముక్కలు మంటలో వేస్తారు, గ్యాస్ బర్నర్‌కి ఖర్చని. నల్లటి పొగ, గోడకి మసి, పొద్దున్న చూస్తే ఆరేసిన బట్టల మీద కూడా చుక్కలు. నేను గ్యాసే వాడతా. పక్కవాడు టైరుతో కాల్చి పది రూపాయలు తక్కువకి అమ్ముతాడు, మీరు వాడి దగ్గరే కొంటారు.

రిటైర్డ్ మేస్టారు:
అసలు ప్రమాదం ఇదే. నీసు వాసన తలనొప్పి తెస్తుంది, వికారం తెస్తుంది, టైరు పొగలో సన్నటి మసి ఊపిరితిత్తుల్లోకి పోతుంది, రబ్బరులో గంధకం ఉంటుంది కాబట్టి సల్ఫర్ డయాక్సైడ్ కూడా. మీ యాప్ కొలవగలిగింది ఏదన్నా ఉందంటే అది ఈ పొగే, దానికీ దగ్గర్లో మిషన్ ఉండాలి. టైరు ఆపడానికి కబేళా కదలక్కర్లేదు. నెత్తురు కాలవలోకి వదలకుండా విడిగా పట్టి, పేగుల్లో పేడ ఏ రోజుది ఆ రోజే గోబర్ గ్యాస్ గుంతలో వేస్తే సగం కంపు పోతుంది. షెడ్డు మూసి, లోపలి గాలిని తడిపిన కొబ్బరిపీచు, చెక్కముక్కల పడక గుండా బయటికి పంపే పద్ధతి కూడా ఉంది, బయోఫిల్టర్ అంటారు.

సరిహద్దు బాబు:
ఇవన్నీ వాళ్ళు చేసేదాకా మా పిల్లలు కంపు పీల్చాలా? కాలుష్య మండలి లెక్కలో కబేళాలు రెడ్ కేటగిరీ, అంటే ఎక్కువ కాలుష్యం చేసే వాటిలో లెక్క, అనుమతి కాగితం చూపించమంటే ఇప్పటికీ ఎవరూ చూపించలేదు. నేను "మార్చాలి" అనే మాట తియ్యను. కావాలంటే కొండవైపు అని రాయడం మానేస్తా, తనిఖీకి చలికాలంలో తెల్లారి ఐదింటికే రావాలని, టైర్లు కాల్చడం వెంటనే ఆపించాలని కలుపుతా.

ఆదివారం మటన్:
టైర్ల ముక్క, ఐదింటి తనిఖీ ముక్క పైన పెట్టు, "మార్చాలి" అన్నది వేరే కాగితం మీద రాయి. మొదటి దాని మీద నేనూ సంతకం పెడతా, ఇంకో నలుగురు కొట్లవాళ్ళతో పెట్టిస్తా. రెండోది నా దగ్గరికి తేకు.