మంచు పడే చోట మొదటి సొంతిల్లు: ఏది ముందు చేయాలి?

కొత్తిల్లు:
ఇన్నాళ్లూ అపార్ట్‌మెంట్‌లో అద్దెకి ఉన్నాం. మంచు పడితే కిటికీలోంచి ఫోటోలు తీసుకోవడం తప్ప వేరే పని ఉండేది కాదు. ఈ వేసవిలో ఇల్లు కొన్నాం. అప్పట్నుంచి పక్కింటాయన కనపడ్డప్పుడల్లా కప్పు అంచున వాననీళ్లు పోయే గట్టర్లు శుభ్రం చేయించారా, మంచు తీసే పార కొన్నారా అని అడిగి టెన్షన్ పెడుతున్నాడు. ఇంకో మూడు వారాల్లో రాత్రిళ్లు ఉష్ణోగ్రత సున్నా కిందికి పోతుందట. ఇద్దరికీ ఉద్యోగాలు, ఏడాదిన్నర పాప. చేతిలో ఉన్నవి రెండు శనాదివారాలు. అన్నీ చేయడం నా వల్ల కాదు. ఏది వదిలేస్తే కొంప మునుగుతుందో అది చెప్పండి, మిగతావి మెల్లగా చూసుకుంటా. రెండంతస్తులు, బేస్‌మెంట్, ఇంటిని వెచ్చబెట్టే గ్యాస్ ఫర్నేస్, బయట రెండు కుళాయిలు.

పదకొండో చలికాలం:
కొంప మునగడం అన్నారు కదా, మాది నిజంగానే మునిగింది. అదీ చలికాలంలో కాదు, చలికాలం అయిపోయాక.

మొదటి ఏడాది తోటకి నీళ్లు పెట్టే గొట్టాన్ని బయట కుళాయికే వదిలేశాను. అది చలికి తట్టుకునే రకం కుళాయి అని ఇల్లు అమ్మినావిడ చెప్పింది, నేను ధీమాగా ఉన్నాను. ఆ రకంలో నీళ్లని ఆపే భాగం బయట ఉండదు, గోడ లోపల వెచ్చటి వైపు ఉంటుంది. కుళాయి కట్టేయగానే మధ్యలో మిగిలిన నీళ్లు బయటికి కారిపోవాలి. గొట్టం బిగించి ఉంటే అవి పోవడానికి దారేదీ? గడ్డకట్టిన నీళ్లు దాదాపు 9 శాతం ఉబ్బుతాయి. రాగి పైపు చీలింది.

చిత్రమేమిటంటే, కుళాయి కట్టేసి ఉంది కాబట్టి చలికాలమంతా చుక్క కారలేదు. ఎండలు వచ్చాక మొక్కలకి పెడదామని తిప్పాను. సన్నటి ధార. ఇంత నీరసంగా వస్తోందేమిటని ఇంకాస్త తిప్పాను. లోపల్నుంచి మా ఆవిడ కేక. బేస్‌మెంట్ గోడ వెంట నీళ్లు, కింద అట్టపెట్టెల్లో మా పుస్తకాలు. తర్వాత ప్లంబర్ కోసి చేతిలో పెట్టిన ముక్క ఇప్పటికీ దాచుకున్నాను. చీలిక బొటనవేలంత కూడా లేదు, చేప నోరు తెరిచినట్టుంది.

అందుకని మొట్టమొదట గొట్టాలు ఊడదీయండి. తర్వాత ఆ కుళాయిలకి వెళ్లే వాల్వ్‌లు ఇంటి లోపల ఉంటే కట్టేసి, బయట కుళాయిలు తెరిచి వదిలేయండి. కొన్ని వాల్వ్‌లకి పక్కన చిన్న మూత ఉంటుంది. కింద బకెట్ పెట్టి దాన్ని కాస్త వదులు చేస్తే మిగిలిన నీళ్లు కూడా వచ్చేస్తాయి. మొత్తం గంట పని. ఇంటి మొత్తానికి నీళ్లు ఆపే మెయిన్ వాల్వ్ ఎక్కడుందో ఇద్దరూ చూసి పెట్టుకోండి. ఆ రోజు నేను చీపురుకట్టల వెనకాల దాన్ని వెతికేసరికి పుస్తకాలు తేలుతున్నాయి.

రాత్రి షిఫ్టు:
నా భయం నీళ్లు కాదు, గాలి. చాలా కొత్త ఫర్నేస్‌లకి పొగ కప్పు మీంచి పోదు, పక్క గోడలోంచి ప్లాస్టిక్ గొట్టాల ద్వారా పోతుంది. గాలికి మంచు గోడవారన పేరుకుంటే అవి పూడుకుపోతాయి. అప్పుడు ఫర్నేస్ ఆగిపోతే మీ అదృష్టం. ఆగకపోతే కార్బన్ మోనాక్సైడ్ ఇంట్లోకి రావచ్చు. ఆ విషవాయువుకి రంగూ లేదు, వాసనా లేదు. మీ గొట్టాలు ఎక్కడున్నాయో ఇప్పుడే చూసి పక్కన ఎత్తుగా ఒక కర్ర పాతండి. నడుంలోతు మంచులో అంతకు మించిన గుర్తు లేదు. దాన్ని పసిగట్టి మోగే డిటెక్టర్ ప్రతి అంతస్తులోనూ, పడగ్గదుల దగ్గరా ఉండాలి. ఉన్నవాటి బటన్ ఈ రాత్రే నొక్కి చూడండి. మా ఇంట్లో ఒకదానికి అసలు బ్యాటరీయే లేదు, ముందున్నవాళ్లు రిమోట్‌కి తీసుకున్నారేమో!

కరెంటు పోతే జెనరేటర్ గరాజ్‌లో పెట్టకండి, తలుపు తెరిచి కూడా వద్దు. బయట, ఇంటికి కనీసం 20 అడుగుల దూరంలో.

నడుంనొప్పి:
గట్టర్లలో ఆకులు తీయించండి. కప్పు అంచున వేలాడే మంచు ఊచలు చూసి మాత్రం మురిసిపోకండి. ఇంట్లో వేడి అటకలోకి ఎక్కి కప్పు మీది మంచుని కరిగిస్తుంది, ఆ నీళ్లు చల్లటి అంచుకి వచ్చి మళ్లీ గడ్డకట్టి కట్టలా నిలబడతాయి. వెనక నిలిచిన నీళ్లు ఇంట్లోకి దిగుతాయి. అసలు మందు అటకలో సందులు మూసి, వేడి పైకి పోకుండా ఆపే ఇన్సులేషన్ వేయించడం. అది వచ్చే వేసవి పని.

మంచుని ఎత్తిపోయకండి, తోయండి. మంచు కరగడానికి చల్లే మామూలు రాతి ఉప్పు మైనస్ 9 సెల్సియస్ కిందికి పోయాక పెద్దగా పనిచేయదు. అంతకంటే చలైతే కాల్షియం క్లోరైడ్ వాడాలి.

కొత్తిల్లు:
గొట్టాలు రెండూ తీసేశాను. చూద్దును కదా, పక్కింటాయన కుళాయికీ గొట్టం బిగించే ఉంది! వెళ్లి చెప్పొచ్చాను. మెయిన్ వాల్వ్ దొరికింది. ఒక కుళాయి వాల్వ్ రంగు డబ్బాల వెనక ఉంది, అది కట్టేశాను. రెండోదాని పిడి మాత్రం తుప్పు పట్టి తిరగట్లేదు. పట్టుకారుతో తిప్పనా?

పదకొండో చలికాలం:
వద్దు! పాత వాల్వ్ కాడ విరిగితే మెయిన్ ఆపి, ప్లంబర్ వచ్చేదాకా నీళ్లు లేకుండా కూర్చోవాలి, అదీ పాపతో. వారం మధ్యలో పిలిపించి మార్పించండి. ఈలోగా చలి ముంచుకొస్తే బయట ఆ కుళాయికి ఫోమ్ టోపీ తొడగండి. అది తాత్కాలికమే, మొత్తం చలికాలం దాని మీద నమ్మకం పెట్టుకోకండి.