చెరువు సెన్సార్లు: అలర్టు సరిచేస్తే టేబుల్లో రీడింగులు పోతున్నాయి

గట్టుమీద_కోడర్:
నమస్కారమండి, మాది భీమవరం దగ్గర. మా చెరువులూ చుట్టుపక్కల రైతులవీ కలిపి 60 రొయ్యల చెరువుల్లో ఆక్సిజన్ సెన్సార్లు పెట్టాం. ఒక్కోటి నిమిషానికో రీడింగ్ కాఫ్కాలోకి (వచ్చే డేటాను వరసగా దాచి ప్రోగ్రాములకి అందించే వ్యవస్థ) పంపుతుంది. కాఫ్కా స్ట్రీమ్స్‌లో (ఆ డేటాను వస్తున్నకొద్దీ ప్రాసెస్ చేసే లైబ్రరీ) నేను రాసిన ప్రోగ్రాం 500 రీడింగులు పోగయ్యాక ఒకేసారి పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో రాసి, వాటిలో లీటరుకు 3 మిల్లీగ్రాముల లోపు ఉన్నవాటికి రైతు ఫోన్‌కి అలర్టు పంపేది. మొన్న తెల్లవారుజామున నాలుగింటికి ఒక చెరువులో ఆక్సిజన్ పడిపోతే అలర్టు రావడానికి ఎనిమిది నిమిషాలు పట్టింది. కాపలా ఆయన రొయ్యలు పైకి తేలడం చూసి ముందే ఏరేటర్లు (నీళ్లలో గాలి కలిపే యంత్రాలు) వేశాడు కాబట్టి పంట దక్కింది. దాంతో స్ప్లిట్ (షరతుల ప్రకారం స్ట్రీమ్‌ని, అంటే రీడింగుల ప్రవాహాన్ని, బ్రాంచ్‌లుగా విడగొట్టేది) పెట్టి తక్కువ రీడింగుల్ని అలర్టు బ్రాంచ్‌కి, మిగతావి డేటాబేస్ బ్రాంచ్‌కి పంపాను. అలర్టు వెంటనే వస్తోంది కానీ టేబుల్లో ఆ తక్కువ రీడింగులే లేవు, గ్రాఫ్‌లో సరిగ్గా చూడాల్సిన చోటే ఖాళీ. తప్పెక్కడ?

విజ్జేశ్వరం_లాకు:
స్ప్లిట్ కాపీలు చేయదండి. ఏ షరతు ముందు సరిపోతే రికార్డు ఆ బ్రాంచ్‌లోకే పోతుంది, రెండోదానికి రాదు. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర తూర్పు డెల్టా కాలువలోకి మళ్లిన నీళ్లు మళ్లీ మన పడమటి కాలువలోకి రావు కదా, అలాగే. డిఫాల్ట్ బ్రాంచ్ పెట్టకపోతే ఏ షరతుకీ అందనివి అసలు పోతాయి, అదీ చూసుకోండి. మీకు ఇక్కడ స్ప్లిట్ అక్కర్లేదు. స్ట్రీమ్ మొత్తాన్ని డేటాబేస్ వైపు పంపి, అదే స్ట్రీమ్ మీద విడిగా ఒక ఫిల్టర్ పెట్టి అలర్టులకి వాడండి.

లంక_డేటా:
పై మాట నిజం, దాంతోపాటు బ్యాచ్ కూడా సరిచేయాలి. 60 చెరువులు, నిమిషానికో రీడింగ్ అంటే 500 నిండటానికి ఎనిమిది నిమిషాలు దాటుతుంది, మీ ఆలస్యం అదే. లెక్క నిండినా, ఐదు సెకన్లు గడిచినా, ఏది ముందైతే అప్పుడు రాసేయాలి. ఇంకోటి, ఆ 500 మీరు మెమరీలో దాస్తున్నట్టయితే ప్రమాదం: కాఫ్కా స్ట్రీమ్స్ తన ఆఫ్‌సెట్లు (ఎంతవరకు చదివిందో చెప్పే గుర్తులు) తాను కమిట్ చేసుకుంటూ, అంటే ఖాయం చేసుకుంటూ, పోతుంది, మీ ఇన్సర్ట్ అయ్యిందా లేదా దానికి తెలియదు, మధ్యలో ప్రోగ్రాం పడిపోతే ఆ రీడింగులు పోయినట్టే. అందుకే వాటిని ఇంకో టాపిక్‌లోకి (కాఫ్కాలో రికార్డులు చేరే విడి వరస) పంపి, మామూలు కన్స్యూమర్‌తో (టాపిక్ నుంచి చదివే ప్రోగ్రాం) చదివి, డేటాబేస్‌లో రాశాకే కమిట్ చేయండి. అలా చేస్తే ఒక్కోసారి అవే రెండోసారి వస్తాయి కాబట్టి చెరువు నంబరు, రీడింగ్ సమయం కలిపి యూనిక్ కీ పెట్టి, ఇన్సర్ట్‌కి ఆన్ కాన్‌ఫ్లిక్ట్ డూ నథింగ్ చేర్చండి, అప్పుడు ఉన్నదే మళ్లీ వస్తే వదిలేస్తుంది.

గట్టుమీద_కోడర్:
చాలా థ్యాంక్స్ అండి ఇద్దరికీ. ఫిల్టర్ మార్చాను, రాత్రి రీడింగులు గ్రాఫ్‌లో కనపడ్డాయి. రెండో టాపిక్ పని ఆదివారం చేస్తాను. ఒక సందేహం, నెట్ పోయి వచ్చినప్పుడు గట్టు మీది గేట్‌వే (సెన్సార్ల రీడింగుల్ని నెట్‌లోకి పంపే పరికరం) దాచుకున్న పాత రీడింగులన్నీ ఒక్కసారిగా పంపుతుంది, అప్పుడు గంట క్రితం సంగతికి కూడా అలర్టులు పోతాయేమో?

లంక_డేటా:
పోతాయండి. రికార్డు కాఫ్కాకి చేరిన సమయం కాదు, సెన్సార్ కొలిచిన సమయం చూసి, ఐదు నిమిషాలు దాటినవి అలర్టులకి వెళ్లకుండా ఆపండి, టేబుల్లోకి మాత్రం అన్నీ పోనివ్వండి. నాకు దీనికంటే టెన్షన్ పెట్టేది అసలు రీడింగే రాకపోవడం. కరెంటు పోతే సెన్సారూ ఏరేటర్లూ కలిసి ఆగుతాయి, ఫిల్టర్‌కి చూడటానికి రికార్డే ఉండదు. చెరువు వారీగా చివరి రీడింగ్ సమయం దాచి, పంక్చువేటర్‌తో (కాఫ్కా స్ట్రీమ్స్‌లో నిర్ణీత వ్యవధికోసారి నడిచే పని) నిమిషానికోసారి చూసి, మూడు నిమిషాలు ఏమీ రాకపోతే ఫోన్ మోగించండి. పంక్చువేటర్‌ని స్ట్రీమ్ టైమ్ (వచ్చే రికార్డుల సమయాన్ని బట్టి కదిలే గడియారం) మీద పెట్టొద్దు, డేటా ఆగితే ఆ గడియారమూ ఆగిపోతుంది, వాల్ క్లాక్ టైమ్ (మామూలు గడియారం సమయం) మీదే పెట్టండి.