మందు కొట్టినా వారానికి మళ్లీ ఈగలే: కోళ్లు, గేదెలు ఉన్నవాళ్లు ఏం చేస్తున్నారు?

పెరటిగూడు
నమస్కారమండీ. పెరట్లో 14 కోళ్లు, పక్కనే కొట్టంలో 2 గేదెలు, ఒక దూడ ఉన్నాయి. మూడు వారాలుగా ఈగలతో వేగలేకపోతున్నాం. పాలు పితికేటప్పుడు గేదె కుదురుగా నిలబడట్లేదు, కాళ్లు నేలకేసి కొడుతూనే ఉంటుంది. దూడ కళ్ల చుట్టూ ఎప్పుడూ ఓ గుంపు. గూడు రోజూ ఊడుస్తాను. రెండుసార్లు మందు కొట్టాం. కొట్టిన రోజు నేలంతా చచ్చిన ఈగలే, వారం తిరిగేసరికి మళ్లీ మామూలే. మందు మార్చాలా? మీకు ఏది పనిచేసిందో చెప్పండి.

ఎర్రపుంజు
మందు సంగతి పక్కన పెట్టండి. వేడి రోజుల్లో ఈగ గుడ్డు ఒక్క రోజులోపే పగులుతుంది. గుడ్డు నుంచి ఎగిరే ఈగ దాకా 7 నుంచి 10 రోజులు చాలు. అందుకే మీకు సరిగ్గా వారానికి తిరిగొచ్చాయి. మీరు చంపింది ఎగిరేవాటిని, పెంటలో పెరుగుతున్నవాటికి ఏమీ కాలేదు. ఆడ ఈగ ఒక్కో దఫా 100కు అటూఇటూగా గుడ్లు పెడుతుంది, అలా చాలా దఫాలు.

ఒక పుల్ల తీసుకుని నీళ్ల గిన్నె చుట్టూ, దాణా తొట్టి కింద, పెంటకుప్ప అంచుల్లో అంగుళం లోతున కెలికి చూడండి. తెల్ల పురుగులు లుకలుకలాడుతూ కనిపించిన చోటే మీ పని ఉంది. ముదురు గోధుమ రంగులో గింజల్లా ఉన్నవి కనిపిస్తే, అవి కొన్ని రోజుల్లోనే ఈగలై లేస్తాయి.

ఇంకో మాట. రోజూ ఊడుస్తున్నానన్నారు. ఊడ్చింది ఎక్కడ వేస్తున్నారు?

కొట్టంమనిషి
గేదె కాళ్లు నేలకేసి కొడుతోందంటే మీకు రెండు రకాల ఈగలున్నట్టు. అన్నం మీద వాలే మామూలు ఈగ కరవదు. కాళ్ల మీద వాలి రక్తం తాగేది వేరు. దూరం నుంచి రెండూ ఒకేలా ఉంటాయి, దగ్గరగా చూస్తే దీని మూతి సూదిలా ముందుకు పొడుచుకొచ్చి ఉంటుంది. పెద్దగా ఉండే జోరీగ కాదిది.

ఇది ఎక్కువగా పుట్టేది మూత్రం, పేడ కలిసి నానిన పాత గడ్డిలో. మా కొట్టంలో తొట్టి వెనక గేదెలు లాగి పారేసిన గడ్డి జానెడు మందాన పేరుకుపోయింది. పైన పొడిగానే ఉండటంతో రెండేళ్లు దాని జోలికి పోలేదు. ఒకరోజు పారతో ఎత్తితే అడుగంతా పురుగులే. అదంతా తీసి ఎండలో పల్చగా పరిచాం. రెండు వారాలకు గేదెలు కాళ్లు కొట్టడం బాగా తగ్గింది, పాలు కూడా కుదురుగా ఇచ్చాయి. పశువు బాధపడుతుంటే చూడలేం కదండీ, ఆ ఒక్క పని ముందే చేసి ఉండాల్సిందని ఇప్పటికీ అనిపిస్తుంది.

కాళ్లకు మందు రాస్తే నిలవదు, బురదకీ తడి గడ్డికీ కొట్టుకుపోతుంది. పైగా ఆ ఈగ పశువు మీద ఉండేది కాసేపే. కడుపు నిండగానే గోడ మీదకో, కంచె మీదకో పోయి కూర్చుంటుంది.

దూడలఅమ్మ
దూడ కళ్ల సంగతి అశ్రద్ధ చేయొద్దు. కళ్ల నీళ్ల కోసం వాలిన ఈగ ఒక దూడ కంటి జబ్బును ఇంకోదానికి మోస్తుంది. నేను పొద్దున్నే శుభ్రమైన తడి గుడ్డతో తుడుస్తాను, ఒక్కో దూడకు వేరే గుడ్డ. కన్ను ఎర్రబడినా, తెల్లటి పొర కనిపించినా ఆ రోజే పశువుల డాక్టరును పిలవండి. దూడ బొడ్డు ఆరకముందు, కొమ్ము విరిగినప్పుడు, తాడు ఒరుసుకున్న గాయాల దగ్గర ఇంకా జాగ్రత్త. గాయానికి పురుగులు పట్టాయంటే లోపలికి తొలిచేస్తాయి.

ఫ్యాన్ పెట్టే వీలుంటే పితికే చోట పెట్టండి. ఈగలు ఎదురుగాలికి నిలవలేవు. వేప నూనె కొబ్బరి నూనెలో కలిపి రాస్తే మా దగ్గర కొన్ని గంటలు పనిచేస్తుంది, అంతకుమించి ఆశించొద్దు. పొదుగుకు మాత్రం రాయను.

పెరటిగూడు
ఎర్రపుంజు గారూ, మీ ప్రశ్నకు జవాబు దొరికింది. ఊడ్చిన రెట్టంతా గూటి వెనక గోడవారన వేస్తున్నాను, గూటికి నాలుగడుగుల దూరం కూడా లేదు. పుల్లతో కదిపితే ఒళ్లు జలదరించింది, బియ్యం పారబోసినట్టు పురుగులు. నీళ్ల గిన్నె చుట్టూ పొట్టు కూడా ముద్దయిపోయి ఉంది, అందులోనూ అవే. కొట్టంలో తొట్టి వెనక చూడటం రేపు.

సున్నం చల్లేస్తే సరిపోతుందా? ఇంకొకాయన చచ్చిన జంతువును చిల్లుల బకెట్లో వేసి గూటి పైన వేలాడదీస్తే పురుగులు రాలి కోళ్లకు ఉచిత మేత అవుతాయన్నారు.

పశువైద్యం_చదివాను
బకెట్ పని దయచేసి చేయొద్దు. కుళ్లిన కళేబరంలో బొటులినమ్ అనే విషం తయారవుతుంది. దాన్ని తిని పెరిగిన పురుగులకు ఏమీ కాదు, కానీ వాటిని తిన్న కోడికి మెడ నరాలు పట్టు తప్పుతాయి. మెడ వాల్చేసి, కాళ్లు లేపలేక, ఒకటి రెండు రోజుల్లో చనిపోవచ్చు. గూట్లో కోడి చచ్చినా వెంటనే తీసి లోతుగా పాతిపెట్టాలి, అది కూడా ఇందుకే.

సున్నం తడి రెట్ట మీద పడితే అమ్మోనియా ఘాటు ఒక్కసారిగా లేస్తుంది. మూసిన గూట్లో కోళ్ల కళ్లకు, ఊపిరితిత్తులకు దెబ్బ. కోళ్లు బయట ఉన్నప్పుడు, పెంట తీసేసిన నేల మీద కొద్దిగా చల్లి, ఆరాక లోపలికి వదలండి. కాల్చిన పచ్చి సున్నం అసలు వాడొద్దు, పాదాలు కాలతాయి.

ఈగల్ని చంపే ఎర గుళికలు అమ్ముతారు, చూడటానికి పంచదారలా ఉంటాయి. కోడి ముక్కుకు అందే చోట ఎప్పుడూ పెట్టకండి. పాడి గేదె ఉన్న కొట్టంలో ఏ మందు కొట్టినా, ఆ తర్వాత ఎన్ని రోజుల పాలు, గుడ్లు వాడకూడదో సీసా మీద చదివి పాటించండి. ఈగలను తిన్న కోళ్లకు ఒక రకం బద్దెపురుగు కూడా వస్తుంది. "కోళ్లే ఈగల్ని తినేస్తాయిలే" అని వదిలేయకూడదు.

ఎర్రపుంజు
తాజా కోడిరెట్టలో మూడొంతులు నీళ్లే. ఆ తేమ 30 శాతం కంటే దిగిపోతే ఈగ పురుగు బతకదు. మొత్తం కథ ఇదేనని నా నమ్మకం. అందుకే నీళ్ల గిన్నెను కోడి వీపు ఎత్తుకు లేపండి, అప్పుడు కోడి కాళ్లతో గీరి నీళ్లు ఒలకబోయలేదు. గిన్నె నుంచి కారిన నీళ్లు పొట్టులోకి దిగకుండా చూడండి. ముద్దయిన పొట్టు ఆ రోజే తీసి పొడి పొట్టు వేయండి. గోడవారన ఉన్న కుప్పను ఇల్లూ గూడూ రెండింటికీ దూరంగా తీసుకెళ్లండి.

పచ్చికుప్ప
ఆ కుప్పను పల్చగా ఎండబెట్టండి. అది కుదరకపోతే ఎండు ఆకులు, గడ్డి కలిపి పెద్దగా, ఎత్తుగా పేర్చండి. కుప్ప నడుమ 55, 60 డిగ్రీల వేడి పుడితే పురుగులు చచ్చిపోతాయి. కానీ అవి తెలివిగా చల్లగా ఉండే అంచులకు జరుగుతాయి. అందుకే వారానికోసారి అంచుల్ని నడుమకు తిరగేసి, నల్ల పట్టా గట్టిగా కప్పి, అంచుల మీద మట్టి వేస్తాను.

కుప్పలో అర అంగుళం పైన పొడవు, చదునుగా, మట్టిరంగులో గట్టిగా ఉండే పురుగులు కనిపిస్తే చంపకండి. అవి సోల్జర్ ఫ్లై పిల్లలు. పెద్దయ్యాక ఆ నల్ల ఈగ ఇంట్లోకి రాదు, ఎవరి పళ్లెం మీదా వాలదు. అవి నిండిన కుప్పలో మామూలు ఈగ పిల్లలకు చోటుండదు. నేను వాటిని కోళ్లకు వేస్తాను. కోళ్లు పరుగెత్తుకొస్తాయి.

కొట్టంమనిషి
ఒక అభ్యంతరం. పొడిగా ఉన్న పాత పెంటను నున్నగా గీకేయమని చెప్పొద్దు. ఈగ గుడ్లు తినే చిన్న పురుగులు, నల్ల పెంకు పురుగులు, ఈగ గింజల్లో గుడ్లు పెట్టే చీమంత కందిరీగలు అందులోనే ఉంటాయి. అవి మనుషుల్ని కుట్టవు. తడిది తీసేయండి, అడుగున పొడి పొర కొంత ఉంచండి. పెంట మీద మందు కొడితే ముందు పోయేది ఈ మిత్రులే.

ఎర్రపుంజు
ఒప్పుకుంటాను. మూత్రం నానిన గడ్డి మాత్రం మొత్తం తీయాల్సిందే.

దూడలఅమ్మ
వాసన ఎర వేసే ఉచ్చు గూటి తలుపు దగ్గర కట్టి నష్టపోయాను, లేని ఈగలు కూడా అటే వచ్చాయి. 20, 30 అడుగుల దూరంలో గాలి వీచే వైపు చూసి కట్టాక పనిచేసింది. జిగురు పట్టీ గూట్లో కోళ్లకు అందని ఎత్తులోనే కట్టాలి, రెక్క అంటుకుంటే ఈకలు ఊడతాయి.

పెరటిగూడు
18 రోజుల తర్వాత రాస్తున్నాను. గోడవారన కుప్ప తీసి, దూరంగా పేర్చి, పట్టా కప్పాం. నీళ్ల గిన్నె కోడి వీపు ఎత్తున ఇటుకల మీద పెట్టాం. తొట్టి వెనక గడ్డి తీస్తే కొట్టంమనిషి గారు చెప్పినట్టే ఉంది. మొదటి వారం ఏ తేడా కనిపించలేదు, మా ఇంట్లో వాళ్లు మళ్లీ మందే కొట్టమన్నారు. పుట్టినవి ఎగరాలి కదా అని ఆగాను.

గూటి లోపల కర్రకు తెల్ల అట్టముక్క కట్టి, దాని మీద పడ్డ ఈగ రెట్ట చుక్కలు లెక్కపెట్టాను. మొదటి వారం 212, రెండో వారం కొత్త అట్టకు 64. గేదె ఇప్పుడు పితికేటప్పుడు నిలబడుతోంది. దూడ కళ్ల దగ్గర ఇంకా కొన్ని ఉన్నాయి, రోజూ తుడుస్తున్నాను. అందరికీ ధన్యవాదాలండీ.

నిన్న వాన పడి పట్టా అంచు లేచిపోయింది, ఆ మూల నీళ్లు నిలిచాయి. ఇప్పుడేం చేయాలి?

పచ్చికుప్ప
ఆ మూల తడిసినంత మేర ఇవాళే తీసి పొడి ఆకులతో కలిపి కుప్ప నడుమ వేయండి. చుట్టూ జానెడు లోతు కాలువ తీసి నీళ్లు పల్లానికి పోనివ్వండి. నాలుగు రోజుల తర్వాత ఆ మూలే కెలికి చూసి చెప్పండి.