స్కూల్లో ‘విలువల’ పీరియడ్ బయటివాళ్ళు చెప్పాలా?

వేళచ్చేరి అమ్మ:
మా పాప ఇక్కడే చెన్నైలో ఒక ప్రైవేటు స్కూల్లో ఎనిమిదో తరగతి. ఇకమీదట వారానికో పీరియడ్ ‘జీవన విలువలు, ఆధ్యాత్మికత’ అని సర్క్యులర్ పంపారు. చెప్పేది టీచర్లు కాదు, బయటి సంస్థ. సంతకానికి చోటుంది గానీ, వద్దనడానికి లేదు. నేను రోజూ దీపం పెట్టేదాన్నే. అయినా ముక్కూ మొహం తెలియని మనిషి పిల్లకి కర్మ, పాపం గురించి చెప్తానంటే మనసొప్పడం లేదు. మీరేమంటారు?

మాంబళం తాతయ్య:
సంతకం పెట్టేయమ్మా. అపార్ట్‌మెంట్లలో తాతా లేడు, నాయనమ్మా లేదు. సాయంత్రమైతే ట్యూషన్, తర్వాత ఫోను. నాలుగు మంచి మాటలు ఇంకెవరు చెప్తారు? మా రోజుల్లో వేమన పద్యం అప్పజెప్పకపోతే ఇంటికి పంపేవారు కాదు.

పెరంబూరు టీచర్:
తాతగారూ, మంచి మాటలైతే గొడవేముంది? 2024లో ఇదే ఊళ్ళో, అశోక్ నగర్ ప్రభుత్వ బాలికల స్కూల్లో ఏమైందో గుర్తుందా? మోటివేషన్ స్పీచ్ అని పిలిస్తే, ఆ వక్త వికలాంగులుగా పుట్టడం పోయిన జన్మలో చేసినదాని ఫలం అన్న ధోరణిలో మాట్లాడాడు. అతనే మాట్లాడిన సైదాపేట స్కూల్లో చూపులేని టీచరు ఒకాయన అక్కడికక్కడే లేచి నిలదీశారు. తర్వాత వక్తను అరెస్టు చేశారు, ప్రధానోపాధ్యాయుల్ని బదిలీ చేశారు. వీల్‌చెయిర్‌లో వచ్చే పిల్ల ఆ మాట వింటే ఆ రాత్రి ఇంట్లో ఏమని అడుగుతుంది?

అమ్మగారూ, రాజ్యాంగం 28(3) అధికరణం చూడండి. ప్రభుత్వ గుర్తింపు ఉన్న స్కూల్లో మతబోధకి పిల్లల్ని కూర్చోబెట్టాలంటే తల్లిదండ్రుల సమ్మతి కావాలి. ‘విలువలు’ అని పేరు పెట్టినా లోపల చెప్పేది మతమైతే మీరు అడగొచ్చు.

నన్నడిగితే నీతి వేరే పీరియడ్‌లో ఉండదు. మా ఏడో తరగతిలో ఐదుగురు కలిసి చార్టు చేశారు. కింద నాలుగే పేర్లు. మెల్లగా రాసే పిల్లాడు రంగులు మాత్రమే వేశాడట, అందుకని వాడి పేరు రాయలేదు. ఆరోజు లెక్కలు పక్కన పెట్టి దాని గురించే మాట్లాడుకున్నాం. ‘రంగుల్లేకపోతే మనకి మార్కులొచ్చేవా?’ అని చివరికి ఒక పిల్లే అడిగింది. పోర్షన్ వెనకబడింది, హెచ్‌ఎం చేత అక్షింతలూ పడ్డాయి, అది వేరే సంగతి.

మాంబళం తాతయ్య:
ఒకడెవడో నోరు జారాడని అందర్నీ ఒకే గాటన కట్టేస్తే ఎలాగమ్మా? తమిళ నీతిగ్రంథం తిరుక్కురళ్‌లో అరత్తుప్పాల్ (ధర్మభాగం), పొరుట్పాల్ (అర్థభాగం) అధ్యాయాలు ఆరో తరగతి నుంచి పన్నెండో తరగతి దాకా పిల్లలకి చెప్పాలని 2016లో మద్రాసు హైకోర్టే అంది కదా. అదీ నీతే. దాన్నీ వద్దంటారా?

పెరంబూరు టీచర్:
ఎందుకంటాను? కురళ్ పాఠ్యపుస్తకంలో ఉంది. మీరూ చదవొచ్చు, నేనూ చదవొచ్చు, తప్పనిపిస్తే అడగొచ్చు. తలుపేసుకుని గంటసేపు చెప్పింది ఎవరు చూశారు? నా పట్టుదల అంతా అక్కడే. ఏం చెప్తారో ముందే రాసివ్వాలి, క్లాస్ టీచర్ వెనక కూర్చోవాలి.

అన్నానగర్ నాన్న:
మేము క్రిస్టియన్లం. ‘వద్దు’ అని రాసిస్తే సరిపోతుందనుకోకండి. మావాణ్ణి ఒక్కణ్ణే లైబ్రరీలో కూర్చోబెట్టారు. మర్నాటి నుంచి పిల్లలు ‘నువ్వెందుకు రావు?’ అని ఒకటే అడగడం. నేను చదివిన కాన్వెంట్‌లో క్యాథలిక్ పిల్లలకి క్యాటకిజం, అంటే వాళ్ళ మతపాఠం, అదే టైముకి మిగతావాళ్ళకి మోరల్ సైన్స్. ఎవరి క్లాసు వాళ్ళకుండేది కాబట్టి ఎవరూ వెలేసినట్టు ఉండేది కాదు. వద్దన్నవాళ్ళకి ఇంకో క్లాసు పెట్టమనండి.

వేళచ్చేరి అమ్మ:
ఈ మూడూ రాసి రేపు ఆఫీసులో ఇస్తాను. తాతగారూ, పద్యాలు నేర్పడానికి మీరొస్తానంటే మాత్రం అభ్యంతరం లేదు.

మాంబళం తాతయ్య:
వస్తాను గానీ, నా వెనక కూడా టీచర్ని కూర్చోబెడతారా ఏంటి?

పెరంబూరు టీచర్:
తప్పకుండా కూర్చోబెడతాం.

అన్నానగర్ నాన్న:
ఇంతకీ ఆ సంస్థకి డబ్బెవరిస్తున్నారో కనుక్కున్నారా? టర్మ్ ఫీజు రసీదులో కొత్త లైనేదైనా చేరిందేమో చూడండి.