ఖాళీ పికప్‌కు వెనక టైర్లలో 80 పీఎస్‌ఐ గాలి ఉండాల్సిందేనా?

డాలస్ నుంచి:
నాది ముప్పావు టన్ను తరగతి డీజిల్ పికప్. తలుపు దగ్గరి స్టిక్కరులో ముందు 60, వెనక 80 పీఎస్‌ఐ అని ఉంది. ట్రైలర్ లాగేది నెలకు రెండుసార్లే. ఖాళీగా వెళ్తే కాంక్రీటు రోడ్డు అతుకుల మీద వెనక భాగం ఎగిరెగిరి పడుతుంది. వాన పడితే మలుపులో పక్కకు జారుతుంది. వెనక 55కు తగ్గించాక హాయిగా ఉంది. కానీ మొన్న 70 మైళ్ల వేగంలో వంతెన అతుకు దాటగానే, రెండు చేతులతో పట్టుకున్నా ఆగనంతగా స్టీరింగు ఊగిపోయింది. ముందు కూడా గాలి తగ్గిస్తే పోతుందని మిత్రుడి సలహా. తగ్గించనా?

హ్యూస్టన్ నుంచి:
వద్దండీ. వెనక కూడా మళ్లీ 80 పెట్టండి. 2000లో ఫైర్‌స్టోన్ టైర్ల సంగతి గుర్తు చేసుకోండి. తన ఎక్స్‌ప్లోరర్ ఎస్‌యూవీకి 26 పీఎస్‌ఐ చాలని ఫోర్డ్ చెప్పింది. ప్రమాదాలు బయటపడ్డాక టైర్ల కంపెనీ 30 ఉండాలంది. ట్రెడ్ (రోడ్డును తాకే పైపొర) ఊడి బండ్లు బోల్తాపడ్డాయి, రెండు వందల మందికి పైగా చనిపోయారు. గాలి తక్కువైతే సైడ్‌వాల్, అంటే టైరు పక్క గోడ, అదేపనిగా వంగి వేడెక్కుతుంది. మన టెక్సస్ ఎండల్లో ఆ పొరపాటు అసలు చేయకూడదు.

ఆస్టిన్ నుంచి:
వేడి గురించి మీరన్నది నిజం. కానీ అక్కడ ప్రశ్న బరువుకు గాలి చాలుతుందా అని. ఇక్కడ బరువే లేదు. 275/70ఆర్18 సైజులో లోడ్ రేంజ్ 'E' (ఎక్కువ బరువు మోసే తరగతి) టైరు ఒక్కోటీ 80 దగ్గర దాదాపు 3,640 పౌండ్లు మోస్తుంది. ఖాళీ బండికి వెనక ఇరుసు మొత్తం మీదే 3,000 పౌండ్ల చుట్టుపక్కల ఉంటుంది. ఆ గాలికి టైరు మధ్యభాగమే రోడ్డును పట్టుకుంటుంది, అందుకే వానలో జారుడు. ట్రక్ స్టాప్ వేబ్రిడ్జిలో ఒక్కో ఇరుసునూ విడిగా తూయించి, టైర్ల కంపెనీ బరువుల పట్టిక చూసి గాలి పెట్టండి. కొలిచేది పొద్దున, బండి కదలకముందు.

స్టీరింగు ఊగడం మాత్రం వేరే జబ్బు. డెత్ వాబుల్ అనేది దీన్నే. ముందు ఇరుసు ఏకకడ్డీగా ఉన్న బండ్లలో ట్రాక్ బార్ (ఇరుసు పక్కకు జరగకుండా పట్టే కడ్డీ) చివరి బుష్‌లు గానీ, చక్రం తిరిగే కీళ్లయిన బాల్ జాయింట్లు గానీ అరిగితే వస్తుంది. గాలి తగ్గిస్తే కొన్నాళ్లు కనపడకుండా పోవచ్చు. లోపల అరుగుదల పెరుగుతూనే ఉంటుంది. దయచేసి ఆ పని చేయకండి.

హ్యూస్టన్ నుంచి:
పట్టిక సరే. శుక్రవారం రాత్రి ట్రైలర్ తగిలించే హడావిడిలో మళ్లీ 80 నింపడం ఎవరికి గుర్తుంటుంది? నా భయమంతా అదే. మా ఇంట్లో అదే బండిని ముగ్గురం నడుపుతాం.

డాలస్ నుంచి:
తూయించాను. ముందు 4,600, వెనక 3,100 పౌండ్లు. మెకానిక్ స్టీరింగు అటూ ఇటూ తిప్పిస్తూ కింద చూస్తే ట్రాక్ బార్ చివర బుష్ కళ్లెదుటే కదులుతోంది. అది మార్చేదాకా బండి తీయను. ముందు గాలి 60 నుంచి కదిలించను. ట్రైలర్ కొక్కేనికి కాగితం కట్టాను: "వెనక 80".