‘రాజ్యము గీజ్యమున్’: బలి దానంలో గర్వమెంత?

పోతన భాగవతంలో, వామనుడనే వటువుగా వచ్చిన విష్ణువుకు దానమిచ్చే ముందు బలి చెప్పే ‘ఆదిన్ శ్రీసతి కొప్పుపైఁ’ పద్యంలో ‘మీఁదై నా కరంబుంట’ (నా చేయి పైన ఉండడం) అన్న మాట బలిచక్రవర్తి గర్వాన్ని బయటపెడుతోందని, అందువల్ల అది నిజమైన దానం కాదని ఇక్కడ ఒక సభ్యులు రాశారు. గర్వం ఉందన్నంతవరకు నేనూ ఒప్పుకుంటాను. ‘హ్రియా దేయమ్’, సిగ్గుపడుతూ ఇవ్వాలి అన్న తైత్తిరీయోపనిషత్తు కొలతతో చూస్తే, పుచ్చుకొనే చేయి కిందుగా, తన చేయి పైన ఉన్నందుకు సంబరపడేవాడు నెగ్గడం కష్టమే. అయితే నాలుగో పాదాన్ని కూడా పట్టించుకోవాలి.

‘(మే)ల్గాదే? రాజ్యము గీజ్యమున్ సతతమే? కాయంబు నాపాయమే?’ అంటే, మేలే కదా, రాజ్యం గీజ్యం ఎప్పటికీ ఉండేవా, శరీరం చెడనిదా అని.

మనం ఇంట్లో ‘డబ్బూ గిబ్బూ’, ‘పనీ గినీ’ అనుకొనే తీరులోనే ఇక్కడ రాజ్యం పక్కన గీజ్యం చేరింది. ఈ జంటమాటల్లో ‘అలాంటివన్నీ’ అన్న అర్థంతో పాటు చాలాసార్లు ఒక తేలికభావం కూడా పలుకుతుంది. అంసోత్తరీయం, పాదాబ్జం, కపోలతటి అంటూ నడిచిన శార్దూల వృత్తంలో ఈ వాడుక పలుకుబడి కేవలం పాదపూరణ కోసం వచ్చిందంటే నేను నమ్మను. ఇంకా ధారపోయకముందే, ఇవ్వబోయేది చక్రవర్తి నోట గీజ్యమైపోయింది. దాత మనసు దానిని వదిలేసిందనడానికి నాకు ఆ ఒక్క ‘గీ’ చాలు.

ఇక గర్వం సంగతి. పద్యంలో సగానికి పైగా లక్ష్మీదేవి కొప్పు మొదలుకొని అన్నిటినీ తాకిన విష్ణువు చేతి వైభవమే ఉంది. బలి చేతికి దక్కింది ‘నా కరంబు’ అన్న ముక్క మాత్రమే. పుచ్చుకొనేవాడిని అంతగా పొగిడి తన అదృష్టానికి మురిసిపోవడం అవతలివాడిని చిన్నచూపు చూడడం కాదు. విష్ణువు కాబట్టే ఇచ్చాడు కదా అంటారేమో, కథాక్రమం చూడండి: వటువు ఎవరో తెలియకముందే బలి మాట ఇచ్చాడు, శుక్రాచార్యుడు గుట్టు విప్పింది ఆ తరువాత. ఎవరో తెలియడం వల్ల సంబరం పుట్టింది గాని, మాట పుట్టలేదు.

‘అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు’ అన్న సామెతతో ఎవరైనా నిలదీస్తే మాత్రం నేను తడబడతాను. స్వర్గం ఇంద్రుడి నుంచి గెలుచుకొన్నదే కదా! గీజ్యమన్నది అప్పుడు ఎవరి రాజ్యాన్ని?